అతిథికి పంచవర్ణపు పళ్ళెము

అతిథి అనగా తిథి లేనివాడని పెద్దలు అర్థము చెప్పుదురు. ఏ దినమున వచ్చునో, ఏ వేళకు వచ్చునో ముందుగా చెప్పక వచ్చువాడు. అయితే మన జైన గృహములలో వచ్చువానికి తిథి లేకపోయినను తినుటకు మాత్రము తిథి ఉన్నది. అష్టమి, చతుర్దశి దినములలో పచ్చి కాయను, పండును ముట్టనివారు మనలో అనేకులు. ప్రొద్దు గ్రుంకిన పిదప మంచినీరైనను పుచ్చుకొననివారు కలరు. ఒకరు జామపండు మానియుందురు, ఒకరు పెరుగు మానియుందురు, మరియొకరు సచిత్తమును త్యజించి యుందురు. ఈ నియమములన్నియు ఒకే సాయంకాలము ఒకే చాపమీద కూర్చుండుట వేలూరు, గుడియాత్తము ఇండ్లలో మనము తరచుగా చూచునదే.

వేలూరు సంగతి కొంత ప్రత్యేకముగా చెప్పవలెను. రాణిపేటలో 1870లో జన్మించిన ఐడా స్కడ్డర్ అను అమెరికా వైద్యురాలు 1900లో ఒకే ఒక్క మంచముతో ప్రారంభించిన వైద్యశాల పెరిగి పెద్దదై క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి అయినది. దానికొరకు మార్వాడు నుండి, గుజరాతు నుండి, కలకత్తా నుండి మన బంధువులు, బంధువుల బంధువులు, ఎన్నడును ముఖము చూడని ఊరివారు కూడ వచ్చుచుందురు. కాట్పాడి స్టేషనులో దిగి నేరుగా మన గుమ్మము ఎక్కుదురు. వారిలో రోగి ఉండును, రోగికి తోడుగా వచ్చిన వృద్ధురాలు ఉండును. ఇద్దరును అలసియుందురు. వారిని కూర్చుండబెట్టి, "మీకేమి నియమములున్నవి? ఇది తిందురా, అది తిందురా?" అని విచారించుట మర్యాదగా ఉండదు. అడుగకుండ పెట్టినచో వారు తినక చేయి ముడుచుకొని కూర్చుందురు. పెట్టినవారికి చిన్నతనము, తినలేనివారికి సంకోచము.

ఈ చిక్కును విప్పుటకు ఉపయోగపడు ఒక పళ్ళెమును గూర్చియే ఈ పాఠము.

ఇటీవల పెండ్లిండ్లలోను, నిశ్చితార్థములలోను ఒక పెద్ద కొయ్యపలక మీద పండ్లు, కారపు తినుబండారములు రంగుల వారీగా పరచిపెట్టుట వేడుకగా మారినది. ఈ పద్ధతి ఐరోపాలో మాంసపు ముక్కలను, జున్నును పలకమీద అమర్చుట నుండి వచ్చినది. దానికి అక్కడ వాడు పేరు కూడ ఫ్రెంచివారి మాంసపు దుకాణమునకు సంబంధించినదే. ఆ పేరుతో మనకు పనిలేదు. ఆ జున్నుతో కూడ చాలవరకు పనిలేదు. గట్టి జున్నులు కొన్నింటిని దూడ కడుపు నుండి తీసిన పదార్థముతో విరుతురు. పలక మాత్రము మనకు క్రొత్తది కాదు. మార్వాడు నుండి వచ్చిన ప్రతి ఇంటిలోను బాజోటు ఉన్నది. దానిమీద తాంబాళము పెట్టి చుట్టు కూర్చుండి తినుట మన పూర్వుల అలవాటే.

రంగులును మనకు క్రొత్తవి కావు. చైత్రమాసములోను, ఆశ్వయుజములోను శుక్ల సప్తమి మొదలు పూర్ణిమ వరకు తొమ్మిది దినములు జరుపు నవపద ఓళీ సంగతి మన స్త్రీలకు చెప్పనక్కరలేదు. ఆ ఆయంబిల్ దినములలో రంగు ప్రకారము ఒకే ధాన్యము తినువారు మొదటి దినము అరిహంతుల తెలుపునకు బియ్యము, రెండవ దినము సిద్ధుల ఎరుపునకు గోధుమ, మూడవ దినము ఆచార్యుల పసుపునకు సెనగ, నాల్గవ దినము ఉపాధ్యాయుల ఆకుపచ్చకు పెసలు, ఐదవ దినము సాధువుల నలుపునకు మినుములు పుచ్చుకొందురు. దర్శన, జ్ఞాన, చారిత్ర, తపములు తెలుపు గనుక తక్కిన నాలుగు దినములును మరల బియ్యమే. నెయ్యి లేదు, పాలు లేవు, బెల్లము లేదు, పండు లేదు. రుచిని గెలుచుటకు ఏర్పడిన ఆ వరుసకును, అతిథికి రుచిగా పెట్టు పళ్ళెమునకును పోలిక కట్టుట నా ఉద్దేశము కాదు. ఐదు రంగులకు ఐదు ధాన్యములని మన ఇండ్లలో పిల్లలకు కూడ కంఠపాఠముగా ఉన్నది గనుక, ఆ జ్ఞాపకమును వంటింటిలో వాడుకొనుట సులభమని మాత్రమే చెప్పుచున్నాను.

ఇచ్చట ఒక మాట. 1974-75లో మహావీరస్వామివారి 2500వ నిర్వాణోత్సవ సందర్భమున ఐదు రంగుల జైన ధ్వజము అన్ని శాఖలవారికిని ఉమ్మడిగా ఏర్పడినది. కొందరు యువతులు పండ్ల ముక్కలతో ఆ ధ్వజమును, దానిలోని స్వస్తికమును, మూడు చుక్కలను, చంద్రరేఖను పళ్ళెములో దిద్దుచున్నారు. చూచుటకు ముచ్చటగానే ఉండును. కాని దేరాసరములో అక్షతలతో దిద్ది చేతులు జోడించు గుర్తును, ఇంటిలో ముల్లుతో గ్రుచ్చి తినుట నాకు సమ్మతము కాదు. రంగులు చాలును, గుర్తులు వద్దు.

ఇక అసలు సంగతి. పళ్ళెము ఒకటి కాదు, రెండు ఉండవలెను. ఒకటి ఎండు పళ్ళెము, రెండవది పండ్ల పళ్ళెము. ఐదు రంగులును రెండింటిలోను వేరువేరుగా నిండియుండవలెను. అట్లు చేసినచో అష్టమినాడు పండ్ల పళ్ళెము లోపలనే ఉండిపోయినను, బయటకు వచ్చిన ఎండు పళ్ళెములో ఏ లోటును కనబడదు. ఐదు రంగులును ఉన్నవి. ఏదో దాచిపెట్టినారని ఎవరును అనుకొనరు. మామూలు దినములలో రెండు పళ్ళెములును పక్కపక్కనే ఉండును. నియమము గలవారు మాటాడకుండ ఎండు పళ్ళెము వైపు చేయి చాపుదురు, లేనివారు రెండింటిలోను తిందురు. ఎవరి నియమము ఏమిటో నలుగురిలో బయటపడదు.

ఒకే పళ్ళెములో సగము సగము పెట్టరాదా అని అడుగవచ్చును. గుడియాత్తములో ఒక ఇంట అట్లే పెట్టినారు. ఆనాడు చతుర్దశి. అజ్మీరు వైపు నుండి వచ్చిన భువాసా ఒకరు ఖాక్రా తుంచబోయి, ప్రక్కన ఉన్న పుచ్చకాయ నీరు పాకి ఖాక్రా అంచు తడిసియుండుట చూచి చేయి వెనుకకు తీసికొన్నది. "ఆకలి లేదమ్మా" అన్నది. ఆమెకు ఆకలి ఉన్నదని అందరికిని తెలియును. ఆ ఇంటి కోడలి కండ్లలో నీరు తిరిగినది. నియమము సంగతి అటుంచినను, వంట న్యాయము చేతనే తడి పదార్థమును, పొడి పదార్థమును కలిపి ఉంచరాదు. పుచ్చకాయ ప్రక్కన పెట్టిన బొరుగులు పది నిమిషములలో మెత్తబడును. దానిమ్మ గింజల ప్రక్కన పెట్టిన కొబ్బరి ముక్కలు ఎరుపెక్కును.

ఎండు పళ్ళెమునకు పైన చెప్పిన ఐదు ధాన్యములనే తీసికొనుడు. తెలుపునకు బియ్యపు బొరుగులు. ఎరుపునకు గోధుమ ఖాక్రా. కాలిన గోధుమ నిజముగా ఎరుపు కాకున్నను, మన వరుసలో దాని స్థానము అదే, కొంచెము మిరపపొడి కలిపినచో రంగు కూడ వచ్చును. పసుపునకు సెనగపిండి సేవు, లేదా పసుపు, ఉప్పు పట్టించిన పుట్నాలు. ఎండిన పసుపుకొమ్ము పొడికి అభ్యంతరము లేదు, పచ్చి పసుపుకొమ్మునకే ఉన్నది. ఆకుపచ్చకు పొట్టుతో వేయించిన పెసలు. నలుపునకు మిరియాలు దండిగా వేసిన మినప అప్పడము, నిప్పులమీద కాల్చినది. ఎనిమిది మందికి నూరు గ్రాముల బొరుగులు, ఎనిమిది ఖాక్రాలు, సేవు, పెసలు ఒక్కొక్కటి రెండు వందల గ్రాములు, ఎనిమిది అప్పడములు చాలును. అప్పడములను మాత్రము అతిథి కూర్చున్న పిదపనే కాల్చవలెను. ముందు కాల్చినవి వానకాలములో చర్మమువలె సాగును.

పెసలను గూర్చి జాగ్రత్త చెప్పవలెను. ఉదయము నానవేసి, మధ్యాహ్నము గుడ్డమీద ఆరబోసి, తడి లేకుండ చూచి నూనెలో వేయించవలెను. రాత్రియంతయు నానినచో మొలక ముక్కు బయటపడును. మొలకెత్తిన గింజను మనవారు అనంతకాయముగా లెక్కింతురు. నేడు ఆరోగ్యము పేరుతో మొలకలు అంతట వాడుకలోనికి వచ్చినవి. ఇంగ్లీషు చదివిన పిల్లలు పచ్చని రంగు కొరకు వాటిని పళ్ళెములో చల్లుదురు. తెలిసిన పెద్దలు ఆ పళ్ళెమునే ముట్టరు.

ఎండు పళ్ళెములో కిస్‌మిస్, ఖర్జూరము, జీడిపప్పు ఏల చెప్పలేదని అడుగువారుందురు. ఫాల్గుణ చౌమాసి మొదలు కార్తిక చౌమాసి వరకు ఎనిమిది నెలలు ఎండు పండ్లను, నువ్వులను, ఆకుకూరలను మానివేయు కుటుంబములు మనలో చాలా ఉన్నవి. ఆ కాలములో కొత్తిమీర, పుదీనా పచ్చడియు పనికిరాదు. పైన చెప్పిన ఐదు ధాన్యములకు ఆ ఇబ్బంది లేదు. కార్తికము దాటిన పిదప నల్ల కిస్‌మిస్, బాదము చేర్చుకొనవచ్చును. వేరుసెనగ మన ఆర్కాడు సీమ పంట. భూమిలో కాచినను అది గింజయే గాని దుంప కాదని మనలో ఎక్కువమంది తిందురు, తిననివారును కొందరు కలరు. కనుక దానిని వేరే గిన్నెలో పెట్టుట మేలు.

అంగడి చిప్స్ కొనువారు అరటికాయ చిప్స్ అడుగుచున్నారు, మంచిదే. అయితే చాలా అంగళ్ళలో ఉర్లగడ్డ చిప్స్ వేయించిన నూనెలోనే అరటికాయను కూడ వేయింతురు. అడిగి తెలిసికొనవలెను. పొట్లముమీది ఆకుపచ్చ చుక్క మాంసము లేదని మాత్రమే చెప్పును. ఉల్లిపొడి, వెల్లుల్లిపొడి, ఉర్లగడ్డ పిండి లేవని చెప్పదు. వాటి కొరకు వెనుక వైపున చిన్న అక్షరములు చదువవలసినదే.

పండ్ల పళ్ళెము కాలమును బట్టి మారును. వేసవిలో మన అదృష్టమునకు మేర లేదు. తెలుపునకు తాటిముంజెలు, లేత కొబ్బరి, ఎరుపునకు పుచ్చకాయ, పసుపునకు బంగినపల్లి మామిడి, ఆకుపచ్చకు గింజలేని ద్రాక్ష, నలుపునకు పన్నీరు ద్రాక్ష. చిత్తూరు వైపునుండి, గుడియాత్తము చుట్టుపట్ల తోటలనుండి మామిడి బుట్టలు దిగుచుండగా పసుపు రంగుకు వెతుకవలసిన పనియే లేదు.

ఆరుద్ర కార్తెతో ఆ సుఖము ముగియును. జూన్ 22వ తేదీ ప్రాంతమున సూర్యుడు ఆర్ద్రా నక్షత్రమున ప్రవేశించిన పిదప మామిడిపండు తినరాదని మన శ్వేతాంబర కుటుంబములలో నియమము. వానతో పండులో జీవోత్పత్తి ఎక్కువగునని కారణము చెప్పుదురు. మామిడిపండు పురుగు సంగతి ఎరిగిన తోటవారు దీనిని కాదనరు. చిక్కు ఏమనగా, మన ప్రాంతపు నీలము మామిడి అంగడికి నిండుగా వచ్చునది ఆ సమయముననే. ధర తగ్గును, వాసన గుబాళించును. పొరుగున ఉన్న తెలుగు, తమిళ సోదరులు బుట్టలతో కానుక పంపుదురు. కానుకను గౌరవముతో పుచ్చుకొని, దుకాణములో పనివారికి పంచవచ్చును. అతిథి పళ్ళెములో మాత్రము ఆనాటినుండి పసుపునకు అరటి, బొప్పాయి, అనాస వచ్చి చేరవలెను. తారీకు జ్ఞాపకము లేని కోడండ్రు పంచాంగములో ఆరుద్ర కార్తె ప్రవేశమును గుర్తుపెట్టుకొన్న చాలును.

గింజల విషయమున ఇంటింటికి భేదమున్నది. దానిమ్మలో గింజలు అనేకములున్నను పొరలచేత వేరుపడియుండును గనుక తినవచ్చునందురు. జామలో గింజలు గుజ్జులోనే కలిసియుండును గనుక బహుబీజమని కొందరు మానుదురు. అంజీరము మేడిజాతిది గనుక దాదాపు అందరును మానుదురు. నేరేడు, రేగు వంటివి తినునది కొంచెము, పారవేయునది ఎక్కువ గనుక తుచ్ఛఫలములని కొన్ని ఇండ్లలో పెట్టరు. నేరేడు నలుపు ఎంత అందముగా ఉన్నను, ముఖపరిచయము లేని అతిథికి పన్నీరు ద్రాక్షయే క్షేమము. ఎరుపు కొరకు బీట్‌రూటు రసమును, నారింజ రంగు కొరకు క్యారెట్టును వాడుటను గూర్చి మన ఇండ్లలో చెప్పనక్కరలేదు గాని, బయట వంటవానిని పెట్టుకొన్నప్పుడు చెప్పితీరవలెను. వేలూరు పేరు మోసిన ముళ్ళవంకాయ ఎట్లును మన పళ్ళెములోనికి రాదు.

మనిషికి నూట ఏబది నుండి రెండు వందల గ్రాముల కోసిన పండు సరిపోవును. ఎప్పుడు కోయవలెననునది ముఖ్యము. సచిత్తత్యాగము గలవారికి పండును కోసి, గింజ తీసి, రెండు ఘడియలు, అనగా నలుబదియెనిమిది నిమిషములు, గడచిన పిదపనే పెట్టుదురు. అతిథి ఐదు గంటలకు వచ్చునన్నచో నాలుగు గంటలకే కోసి, గింజలు ఏరి మూతపెట్టవలెను. అంతసేపు నిలువ ఉండుటకు పుచ్చ, బొప్పాయి, అనాస, దానిమ్మ ఓర్చుకొనును. ఆపిలు, అరటి మాత్రము గాలి తగిలి నల్లబడును. ఆపిలు ముక్కలకు నిమ్మరసము రాచినచో రంగు నిలుచును. అరటిని చివరనే ఒలుచుట మేలు.

మన ఎండలో అతిథి రాగానే మజ్జిగ ఇచ్చుట మర్యాద. ఇక్కడనే చాలామంది గమనింపని చిక్కొకటి ఉన్నది. కాచని పెరుగు, పాలు, మజ్జిగ పప్పుధాన్యముతో కలిసినచో ద్విదళ దోషము. మన ఎండు పళ్ళెములో సెనగ, పెసలు, మినుములు మూడును పప్పుధాన్యములే. సేవు నములుచు మజ్జిగ త్రాగిన నోటిలోనే దోషము సంభవించును. కనుక మజ్జిగ ఇచ్చువారు ముందుగా ఇచ్చి, గ్లాసులు తీసివేసి, నోరు పుక్కిలించుటకు నీరిచ్చి, పిదప పళ్ళెము తేవలెను. లేదా మజ్జిగకు బదులు కొబ్బరినీరో, నిమ్మరసపు షర్బతో ఇచ్చుట ఇంకను సులభము. మంచుముక్కలు వేయరాదు, కుండలో చల్లారిన కాచిన నీరే చాలును. పెరుగు పచ్చడి గిన్నెను పళ్ళెము నడుమ పెట్టు క్రొత్త అలవాటు చూచుటకు అందమే గాని మనకు పనికిరాదు.

రంగు కొరకు రంగు వేయు పాడు అలవాటును గూర్చి కఠినముగా చెప్పవలసియున్నది. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వము రోడమైన్-బి అను బట్టల రంగు కలిసినదని పీచుమిఠాయి అమ్మకమును నిషేధించినది. ఆరోగ్యము ఒక ఎత్తు. అహింస మరియొక ఎత్తు. కార్మైన్ అను ఎరుపు రంగును కొచినీల్ అను పురుగులను ఎండబెట్టి తీయుదురు. పొట్లముమీద దాని గుర్తు 120 అను అంకె. మెరియు ఎర్రని మిఠాయిలు కొనునపుడు ఆ అంకె ఉన్నదేమో చూడవలెను. గాజువలె నిగనిగలాడు జెల్లీ ముక్కలలో జెలటిన్ ఉన్నచో అది పశువుల ఎముకలనుండి, చర్మమునుండి వచ్చినది. మన మిఠాయిలమీది వెండి వరకు సంగతి మన పెద్దలకు బాగుగా తెలియును. పూర్వము దానిని పశువుల ప్రేగుపొరల నడుమ పెట్టి సాగగొట్టెడివారు. 2016లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ రేకు తయారీలో జంతు సంబంధ వస్తువును వాడరాదని నియమము చేసినది. యంత్రముతో చేసిన వరకు దొరకుచున్నది. అయినను ఎక్కడ చేసినదో చెప్పలేని దుకాణములో వరకు లేని మిఠాయినే తీసికొనుట నా అలవాటు.

దూరమునుండి వచ్చినవారికి మన ఊరి రుచి ఒకటి చూపవలెనన్న ఆర్కాడు మక్కన్ పేడా ఉన్నది. పేరులో మక్కన్ అని వినగానే, వెన్న మహావిగయి గనుక కొందరు ఉలికిపడుదురు. అది కోవా, మైదా కలిపి లోపల జీడిపప్పు, బాదము వంటివి కూరి వేయించి పాకములో వేసిన మిఠాయి. మెత్తదనము చేత ఆ పేరు. అయినను చేసినవానిని అడిగియే కొనుడు. ఎండు పండ్లు మానిన కాలములో లోపలి కూరుడును కూడ జ్ఞప్తియందుంచుకొనవలెను. పాకపు మిఠాయి గనుక దానికి మూడవ గిన్నె వేరుగా ఉండవలెను. మధుమేహము గల రోగి ఎదుట ఆ గిన్నెను పెట్టకుండుటయే దయ. అట్టివారికి బొరుగులు, అరటి, మామిడి తగ్గించి, వేయించుటకు బదులు ఉడికించి తాలింపు వేసిన పెసలు, కొంచెము బొప్పాయి ఇచ్చుట మంచిది. వైద్యులు ఏదైనను వద్దన్నచో వారి మాటయే చెల్లును.

వేళ సంగతి చెప్పి ముగింతును. వేలూరులో జూలై మొదట ప్రొద్దు దాదాపు ఆరుంముప్పావుకు గ్రుంకును. నవంబరు చివర పావుతక్కువ ఆరుకే గ్రుంకును. గంట సేపు తేడా. వేసవిలో ఐదున్నరకు పళ్ళెము తెచ్చు అలవాటు గల ఇంటిలో కార్తికమాసమున కూడ అదే వేళకు తెచ్చినచో, అతిథికి మిగులునది పావుగంట. ఆసుపత్రిలో డాక్టరును చూచి వచ్చువారికి ఆలస్యమగుట సహజము. అట్టివారి కొరకు నాలుగు గంటలకే ఒక డబ్బాలో ఎండు పళ్ళెములోని ఐదు వస్తువులును కాగితపు పొరలతో వేరుచేసి సర్ది, కాచిన నీటి సీసాతో సహా ఇంటి పిల్లవానిచేత పంపవలెను. డబ్బాలో అప్పడము నిలువదు గనుక, దానికి బదులు మినప్పిండితో చేసిన మురుకులు పెట్టుడు.